చప్పుడు లేని బండి

ముందుగా క్షమించమని అడుగుతున్నాను. నా రాతలో ఒత్తులు ఉండాల్సిన చోట ఉండవు, అక్కర్లేని చోట ఉంటాయి. నేను అక్షరాలు నేర్చుకున్నది అరవై రెండో ఏట. మీరు టీ చల్లారేలోగా చదివేసే పేజీ రాయడానికి నాకు మూడు రోజులు పడుతుంది, వేళ్ళు పట్టేస్తే నాలుగు. నాకు నేర్పిన మందుల షాపు ఆవిడ తప్పులు దిద్ది ఇస్తానంది. ఆమె దిద్దాక కూడా మిగిలినవి నావే అనుకోండి.

ఇది మా బండి గురించి, ఆ బండిలో నేను పట్టుబట్టి పోయించిన నూనె గురించి. మెకానిక్ దాన్ని ఆయిల్ అంటాడు. నాకు నూనె అనడమే అలవాటు.

మా ఆయన టాక్సీ డ్రైవరు. ముప్ఫై ఒక్క ఏళ్ళు నడిపారు, అందులో చివరి ఇరవై రెండేళ్ళూ ఈ బండే. మీటరు నాలుగు లక్షల కిలోమీటర్లు దాటింది. కొన్నప్పుడు బండిని నా పేరున రాయించారు. "నా పేరున ఉంటే నాకు పొగరొస్తుంది. నీ పేరున ఉంటే ఒళ్ళు దగ్గర పెట్టుకుని నడుపుతాను" అన్నారు. కాగితాల మీద వేలిముద్ర వేసి వచ్చాను. ఆ రోజు నుంచి నేను ఓనరుని, ఆయన డ్రైవరు. ఇంట్లో కూర మాడితే "ఓనరుగారు ఇవాళ కోపంగా ఉన్నారు" అనేవారు. నేను అలిగితే "జీతం పెంచమంటే ముఖం తిప్పుకుంటున్నారు చూడు" అని కూతురికి చెప్పి నవ్వించేవారు.

ఆ బండి ఇంజన్లో ఒక చప్పుడు ఉండేది. టిక్కు టిక్కు టిక్కు అని, పక్కింట్లో ఎవరో కుట్టుమిషను తొక్కుతున్నట్టు. కొన్న మూడో ఏడు మొదలైంది. లోపల ట్యాపెట్ అనే ముక్క ఒకటి మడ్డి పట్టి బిగుసుకుపోయిందని, విప్పి శుభ్రం చేస్తే పోతుందని మెకానిక్ చెప్పాడు. మా ఆయన ఒప్పుకోలేదు.

"అది బండి నోరు. నోరు కుట్టేస్తావా?" అన్నారు.

"నోరున్నది ఇంట్లో ఒకరు చాలరా అన్నా?" అన్నాడు మెకానిక్, నన్ను చూస్తూ.

"ఇద్దరూ ఒకరి మాట ఒకరు వింటారురా. నాకు పని తగ్గుతుంది."

నిజంగానే వినేవాళ్ళం. వీధి మలుపు తిరుగుతుండగానే ఆ చప్పుడు నాకు వంటింట్లోకి వినిపించేది. అది వినగానే స్టవ్ వెలిగించేదాన్ని. ఆయన కాళ్ళు కడుక్కుని కూర్చునేసరికి పళ్ళెంలో వేడి వేడిగా ఉండేది. ఫోన్లు వచ్చాక కూడా వస్తున్నానని ఆయన ఒక్కసారి ఫోన్ చేయలేదు. అవసరం రాలేదు.

మరుపు ఆయన అరవై ఆరో ఏట మొదలైంది. ముందు దార్లు మర్చిపోయారు. ఇద్దరు ప్రయాణికులను చెరో చోట దింపాల్సింది పోయి ఇద్దరినీ మా ఇంటికే తీసుకొచ్చారు. ఆ రోజు నవ్వుకున్నాం. వాళ్ళకి టీ ఇచ్చి పంపాం. ఆ తర్వాత నవ్వలేదు. మందులు పెరిగాయి. ఏది పొద్దున, ఏది రాత్రి అన్నది రంగుని బట్టి గుర్తుపెట్టుకునేదాన్ని. ఒకసారి కంపెనీ మాత్ర రంగు మార్చింది, నేను తప్పు మాత్ర వేశాను, ఆయన రెండు రోజులు కళ్ళు తెరవలేదు. అప్పుడు మందుల షాపు ఆవిడ దగ్గరికి వెళ్ళి, "నాకు చదవడం నేర్పు తల్లీ, ఈ అట్టల మీద ఉన్నంత వరకు చాలు" అన్నాను. మధ్యాహ్నం బేరాలు లేని వేళ కౌంటరు వెనక స్టూలు వేసి నేర్పింది. నా మొదటి పుస్తకం మాత్రల అట్ట.

నేను చదవడం నేర్చుకుంటున్న రోజుల్లోనే ఆయన నన్ను మర్చిపోయారు.

ఒక పొద్దున టీ ఇస్తే చేతులు జోడించి, "మీకెందుకమ్మా శ్రమ. మా ఆవిడ వచ్చేస్తుంది, బయటికెళ్ళినట్టుంది" అన్నారు. చాలా మర్యాదగా అన్నారు. తిట్టినా బాగుండేది. అంత మర్యాద ఆయన పరాయివాళ్ళకే ఇచ్చేవారు.

కానీ బండిలో మాత్రం అలా కాదు. అది అనుకోకుండా తెలిసింది. బ్యాటరీ చచ్చిపోకుండా అప్పుడప్పుడు స్టార్ట్ చేయమని మెకానిక్ చెప్పాడు. నాకు చేతకాక తాళం ఆయన చేతికే ఇచ్చి, ఇంటి ముందు రేకుల పందిరి కింద ఉన్న బండిలో కూర్చోబెట్టాను. నేను వెనక సీట్లో కూర్చున్నాను. తాళం తిప్పారు. టిక్కు టిక్కు టిక్కు అని మొదలైంది. ఆయన భుజాలు దిగాయి. అద్దం సర్ది అందులోంచి నన్ను చూశారు.

"ఓనరుగారూ, ఎక్కడికి పోనివ్వమంటారు?"

నేను ముందు సీటు పట్టుకుని అద్దంలోకి వంగాను.

"ఏమే, అలా ఉన్నావు? మోకాలు నొప్పి తగ్గిందా?"

ఆ మోకాలు నొప్పి నాకు అంతకు ముందు వారమే మొదలైంది. అంటే ఆయన లోపల ఎక్కడో వింటూనే ఉన్నారు, చూస్తూనే ఉన్నారు.

అప్పట్నించి రోజూ సాయంత్రం నాలుగింటికి "డ్యూటీ టైమైంది" అని ఆయన్ని తీసుకెళ్ళేదాన్ని. బండి కదలకుండా మెకానిక్ గేరు రాడ్డు కిందనుంచి ఊడదీశాడు. చక్రాల ముందూ వెనకా ఇటుకలు పెట్టాను. అరగంట. ఆ అరగంటా నేను ఆయన భార్యని. కూతురి పెళ్ళిలో ఎవరు ఎలా తిన్నారో, నేను కాన్పుకి వెళ్ళినప్పుడు ఆయన పాలు ఎలా పొంగించారో, అన్నీ చెప్పేవారు. "మలుపొస్తోంది, పట్టుకో" అని స్టీరింగ్ తిప్పేవారు. నేను ముందు సీటు పట్టుకునేదాన్ని. ఇంజన్ ఆపగానే రెండు నిమిషాల్లో ఆయన కళ్ళు మళ్ళీ పలచబడిపోయేవి. తలుపు తీసి పట్టుకుని "దిగండమ్మా, జాగ్రత్త" అనేవారు.

రోజుకి ఇరవై మూడున్నర గంటలు పరాయిదాన్నయినా నాకు ఫర్వాలేదు. ఆ అరగంట పోకూడదు. నా భయమంతా అదే.

ఏడాది గడిచాక ఒకరోజు మెకానిక్ బానెట్ ఎత్తి, నూనె పోసే మూత విప్పి నాకు చూపించాడు. మూత లోపల మీగడలాంటిది పట్టి ఉంది.

"చిన్నక్కా, బండి పరిగెత్తక ఆయిల్ పాడైపోతోంది. కూర్చునే తింటే మనిషికి ఒళ్ళొచ్చినట్టు, దీనికి మడ్డి పడుతోంది. ఇలాగే ఉంటే ఇంజన్ ఒకరోజు పట్టేస్తుంది."

"పట్టేస్తే?"

"పట్టేస్తే ఇంక లేవదు."

ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు. మర్నాడు మెకానిక్ షెడ్డుకి వెళ్ళాను. గోడకి అలమారా, అలమారాలో నూనె డబ్బాలు. అతను మా బండికి ఎప్పుడూ పోసే చిక్కటి నూనె డబ్బా కింద వరసలో ఉంది. పై వరసలో వేరే డబ్బా ఉంది. నేను కళ్ళజోడు పెట్టుకుని ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివాను. సింథటిక్ అని ఉంది. పాత ఇంజన్లకు, ఎక్కువ కిలోమీటర్లు తిరిగిన బండ్లకు ప్రత్యేకం అని ఉంది. మడ్డిని తొలగించి ఇంజన్ ఆయుష్షు పెంచును అని ఉంది.

ఆయుష్షు అన్న మాట చదవడానికి నాకు చాలాసేపు పట్టింది. ఆ షావత్తు ఎలా పలకాలో తెలియక రెండుసార్లు చదివాను.

"ఇది పోసెయ్" అన్నాను.

"అదొద్దు చిన్నక్కా. అది కొత్త బండ్లకి మంచిది."

"పాత ఇంజన్లకని రాసుంటే?"

"రాస్తారు. రాసేవాడు బండి కింద పడుకుంటాడా? నే పడుకుంటాను. మీ బండిలో ఆయిల్ కారకుండా ఆపే రబ్బరు సీళ్ళన్నీ ఎండిపోయి ఉంటాయి. వాటి సందులు మూసి ఉంచింది ఆ మడ్డే. ఈ ఆయిల్ మడ్డిని కడిగేస్తుంది. కడిగేస్తే ఎక్కడ కారుతుందో చెప్పలేను."

"కారితే చూసుకుందాం. పట్టేస్తే ఏం చూసుకుంటాం?"

"ఇన్నేళ్ళు నా మాట విన్నావు."

"ఇన్నేళ్ళు నాకు చదువు రాదు" అన్నాను.

ఆ మాట అన్నందుకు ఇప్పటికీ నా నాలుక నాకే చేదుగా ఉంటుంది. అతను చేతులు గుడ్డకి తుడుచుకుని పై వరసలోంచి డబ్బా దించాడు. నా వైపు నుంచి కూడా ఒక మాట చెప్పుకోవాలి. చదవడం రాక నేను ఆయనకి తప్పు మాత్ర వేసినదాన్ని. చదవడం వచ్చాక ఒక్క పొరపాటు జరగలేదు. అచ్చులో ఉన్న మాట నన్ను అంతవరకు మోసం చేయలేదు. డబ్బా తిప్పి "గడువు తేదీ ఎక్కడుంది?" అని కూడా అడిగాను. మెకానిక్ అంత కోపంలోనూ నవ్వేశాడు.

పాత నూనె తారులా దిగింది. ఫిల్టరు మార్చాడు. కొత్త నూనె తేనె రంగులో ఉంది. ఇంజన్ వేడెక్కాలి కాబట్టి వారానికి రెండుసార్లు గేరు రాడ్డు తగిలించి, బండిని నాలుగు వీధులు తిప్పి తెస్తానన్నాడు. నెల తిరిగాక ఆ నూనె తీసి చూశాడు. నల్లగా వచ్చింది, లోపలి మడ్డి కరిగి దాంతో వచ్చేసింది. మళ్ళీ కొత్తది పోశాడు.

నేను రోజూ పొద్దున బండి కింద అట్టపెట్టె పరిచేదాన్ని. సాయంత్రం తీసి చూసేదాన్ని. ఒక్క చుక్క లేదు. రెండో వారం లేదు, నాలుగో వారం లేదు. అట్ట పట్టుకుని షెడ్డుకి వెళ్ళి మెకానిక్ ముందు పెట్టాను.

"చూడు, ఒక్క మరక లేదు, పెళ్ళిపత్రికలా ఉంది."

"ఒప్పుకున్నాను తల్లీ, నువ్వే మెకానిక్‌వి. రేపట్నించి బండి కింద నువ్వు పడుకో, నేను డబ్బాలు చదువుతాను" అన్నాడు.

మందుల షాపు ఆవిడకి కూడా చెప్పుకుని మురిశాను. "బండి ఎంత నున్నగా నడుస్తోందో" అన్నాను. చప్పుడు సన్నబడుతోందని నాకు తెలియలేదా అంటే, తెలిసింది. కుట్టుమిషను పక్కింట్లోంచి ఆ పక్కింటికి పోయినట్టు, అక్కడినుంచి వీధి అవతలికి పోయినట్టు వినిపించేది. జబ్బు నయమవుతోందనుకున్నాను. ఇరవై ఏళ్ళు ఆ చప్పుడు విని స్టవ్ వెలిగించినదాన్ని, అది పోతుంటే సంబరపడ్డాను.

ఆరో వారంలో ఒకరోజు నాలుగింటికి ఆయన తాళం తిప్పారు. ఇంజన్ స్టార్టయింది. ఏ చప్పుడూ లేదు, ఒక గాలి మాత్రం. ఆయన తలొంచి విన్నారు. ఇంకా స్టార్ట్ కాలేదనుకుని మళ్ళీ తాళం తిప్పారు. సెల్ఫు కీచుమంది. చేయి తీసేశారు. అద్దంలోంచి నన్ను చూశారు.

నేను "ఓనరుగారూ" అన్న మాట కోసం ఎదురుచూస్తున్నాను.

"ఈ బండి మీదేనా అమ్మా?"

"మనదేనండీ."

"మంచి బండి. అసలు చప్పుడే లేదు." మర్యాదగా తల ఊపారు. "మా బండికి ట్యాపెట్ చప్పుడు. బాగు చేయించమంటారు అందరూ. నేనే వద్దన్నాను. ఆ చప్పుడు లేకపోతే నేనొచ్చినట్టు మా ఆవిడకి తెలీదు."

తాళం తీసి రెండు చేతులతో నాకు అందించి దిగిపోయారు.

మొదటిరోజు అలా జరిగి ఉంటుందిలే అనుకున్నాను. మర్నాడూ అంతే. మూడో రోజు బండి ఎక్కమంటే, "పరాయివాళ్ళ బండిలో ఊరికే కూర్చుంటే బాగుండదు" అన్నారు. నేను షెడ్డుకి పరిగెత్తినంత పని చేశాను. చెప్పులు కూడా వేసుకోలేదు.

"ఆ నూనె తీసెయ్. పాతదే పోసెయ్. చప్పుడు తెప్పించు" అన్నాను.

మెకానిక్‌కి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక బల్ల మీద కూర్చుండిపోయాడు. నూనె కారుతుందేమోనని అతను భయపడ్డాడు, నేను అట్టలు పరిచాను. ఇద్దరిలో ఒక్కరమూ చప్పుడు గురించి ఆలోచించలేదు. బిగుసుకుపోయిన ట్యాపెట్ మడ్డి కరిగి వదులైంది, చప్పుడు ఆగింది. అంతే జరిగింది. బండి బాగుపడింది.

అతను ఆ రోజే పాత నూనె పోశాడు. చప్పుడు రాలేదు.

"ఇరవై ఏళ్ళు పట్టిన మడ్డి చిన్నక్కా. ఇప్పుడు మళ్ళీ పట్టాలంటే..." అని ఆగిపోయాడు.

రెండు రోజుల తర్వాత తనే వచ్చాడు. ఒక సన్నటి రేకు ముక్క వంచి, ఫ్యాను రెక్కకి తగిలేలా బానెట్ లోపల బిగించాడు. స్టార్ట్ చేస్తే టిక్కు టిక్కు టిక్కు. నాకు తేడా తెలియలేదు, ఒట్టు. లోపలికి వెళ్ళి ఆయన్ని బతిమాలి తీసుకొచ్చాను. "మీ బండే, షెడ్డు నుంచి వచ్చింది" అన్నాను. ఆయన ముఖం వెలిగింది. గబగబా వచ్చి కూర్చున్నారు. నేను వెనక కూర్చున్నాను. మెకానిక్ ఎత్తిన బానెట్ వెనక నిలబడ్డాడు, మాకు కనిపించకుండా.

ఆయన అరనిమిషం విన్నారు. వేళ్ళతో స్టీరింగ్ మీద లెక్క వేశారు. ఆ తర్వాత వెనక్కి తిరిగారు.

"ఇది ట్యాపెట్ కాదమ్మా. ఫ్యానుకి రేకేదో తగులుతోంది. అలాగే వదిలేస్తే రెక్క విరుగుతుంది. మా మెకానిక్ ఒకడున్నాడు, నోరు ఎక్కువ గానీ పనిమంతుడు. నా పేరు చెప్పండి, మీకు మంచిగా చేస్తాడు."

బానెట్ దించాక చూస్తే మెకానిక్ ముఖమంతా నల్లటి గీతలు, మసి చేతులతోనే కళ్ళు తుడుచుకున్నట్టున్నాడు.

"అన్నకి అన్నీ తెలుసు చిన్నక్కా" అన్నాడు. "మనమే తెలియదు."

ఆ తర్వాత నాలుగింటికి డ్యూటీ లేదు. కానీ ఆ వేళకి ఆయన ఒళ్ళు ఊరుకునేది కాదు. చొక్కా గుండీలన్నీ పెట్టుకుని గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చునేవారు. బండి షెడ్డులో ఉందని, ఇవాళ వస్తుందని. బండి ఆయన వీపు వెనక పందిరి కిందే ఉండేది. వచ్చే పోయే వాళ్ళు అడిగితే, "ఈవిడ ఎవరో మంచావిడ, బండి ఇక్కడ పెట్టుకున్నారు" అని నన్ను చూపించేవారు. నేను ఇంకో కుర్చీ తెచ్చి పక్కన వేసుకునేదాన్ని. చేయి పట్టుకోబోతే మొహమాటంగా తీసుకునేవారు, పరాయి ఆడమనిషి కదా.

నేను పాత మాటలు ఎత్తి చూశాను. కూతురి పెళ్ళి అన్నాను, పాలు పొంగడం అన్నాను. "మీకెలా తెలుసు?" అని అనుమానంగా చూశారు. నా దగ్గర ఉన్న జ్ఞాపకాలు ఆయనకి దొంగసొత్తులా కనిపించాయి. ఇంక ఎత్తలేదు.

ఒకరోజు మా కూతురు వచ్చి, "నువ్వు కావాలని చేశావా అమ్మా? బండి బాగుండాలనే కదా" అంది. అందరూ అదే అన్నారు. బండి బాగుంది. అది బాగుండబట్టే నాకు ఏడుపు.

అలా నాలుగు నెలలు. చివరి వారంలో ఆయనకి అన్నం కూడా సరిగ్గా దిగలేదు, అయినా నాలుగింటికి గేటు దగ్గరికి తీసుకెళ్ళమనేవారు. ఒక బుధవారం వెలుతురు తగ్గుతున్న వేళ కుర్చీలో కదిలారు. నా వైపు వంగి మెల్లగా అడిగారు.

"అమ్మా, ఒక సాయం చేస్తారా? ఇవాళ కూడా బండి వచ్చేలా లేదు. లోపలికెళ్ళి మా ఆవిడకి చెప్తారా, నాకు ఆలస్యమవుతుందని? నా కోసం కూర్చోవద్దనండి."

"చెప్తానండీ" అన్నాను.

లేచి లోపలికి వెళ్ళాను. వంటింట్లో గోడకి ఆనుకుని నిలబడ్డాను. ఎంతసేపు నిలబడితే ఒక మాట చెప్పి వచ్చినట్టుంటుందో అంతసేపు నిలబడ్డాను. ముఖం కడుక్కుని మళ్ళీ గేటు దగ్గరికి వెళ్ళాను.

"చెప్పాను."

"ఏమంది?"

"ఎంత ఆలస్యమైనా కూర్చుంటానంది."

ఆయన నవ్వారు. ఎన్నో నెలల తర్వాత ఆయన ముఖంలో ఆ నవ్వు చూశాను.

"అలాగే అంటుంది. మొండి మనిషి. మీరు చూశారుగా, ఎలా ఉంది? మోకాలు నొప్పి అంటోందా?"

"తగ్గిందంట" అన్నాను.

"అబద్ధం" అన్నారు ఆయన. "నేను కంగారు పడతానని అలా చెప్తుంది."

శుక్రవారం పొద్దున పోయారు. నిద్రలోనే.

ఇట్లు,
చిన్నక్క అని అందరూ పిలిచే డ్రైవరుగారి భార్య. వయసు అరవై ఎనిమిది. ఇప్పుడు కూతురింట్లో, మూడో అంతస్తులో, వీధిలో బండ్ల చప్పుడు చేరని వెనక వైపు గదిలో ఉంటున్నాను.